తోకెడు దూరం

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ కొసన వాన మొదలైందని కబురు అందాక ఆ కొసన వాళ్ళు ఎండబోసుకున్న ఇప్పపువ్వు తీరిగ్గా ఎత్తుకోగలిగినంత పెద్ద అడవిలో, ఒక మద్దిచెట్టు ఉండేది. ఆ చెట్టు నడుం దగ్గర ఒక తొర్ర. తొర్ర లోపల పొన్నారి. తొర్ర బయట సింగన్న.

వీళ్ళిద్దరూ పెద్దముక్కు పిట్టలు. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టుంటుందే, ఎగిరితే ఎవరో చాప దులుపుతున్నట్టు చప్పుడొస్తుందే, ఆ పిట్టలు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. గుడ్డు పెట్టే వేళకి ఆడపిట్ట తొర్రలోకి వెళ్ళి, బురదతో, పండ్ల గుజ్జుతో తలుపు తానే మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల కూర్చుని రెక్కల ఈకలు కూడా రాల్చేసుకుంటుంది. ఇక బిడ్డ రెక్క విప్పేదాకా, మూడు నెలలో నాలుగు నెలలో, బయటికి రాదు. రావాలన్నా ఎగరలేదు. మగపిట్ట అడవంతా తిరిగి పండ్లు గొంతులో దాచుకుని వచ్చి, ఆ సందులోంచి ఒక్కొక్కటే అందించాలి. అతను ఒక్కరోజు రాకపోతే లోపల ఆకలి. రెండు రోజులు రాకపోతే ఇక చెప్పనక్కర్లేదు.

అలా నమ్మి తలుపు మూసుకోవడం పొన్నారికి ఇది మూడో ఏడు.

సింగన్న కొంచెం కలల మనిషి. పిట్టే అనుకోండి, కానీ కలల మనిషే. సందులోంచి పొన్నారి కన్ను ఒక్కటే కనిపిస్తే, మబ్బు చాటున చుక్క చూసినట్టు అలాగే చూస్తూ ఉండిపోయేవాడు.

"ఇవాళ ఎన్ని తెచ్చావు?" అంది పొన్నారి సందులోంచి.

"పదిహేడు మేడిపండ్లు. పద్దెనిమిదోది దారిలో మింగేశా."

"ఎందుకూ?"

"నిన్ను తలుచుకుంటే గుటక పడింది."

"అబద్ధాలు. ఆకలేసి ఉంటుంది."

"రెండూనూ," అన్నాడు సింగన్న నిజాయితీగా.

ఆమె తిన్న పండ్ల గింజలు సందులోంచి కిందికి ఉమ్మేది. మూడేళ్ళ గింజలు. చెట్టు కింద వాటి మొక్కలు మూడు ఎత్తుల్లో లేచి ఉన్నాయి. మొదటి ఏటివి జింక వీపంత. నిరుటివి కుందేలు చెవులంత. ఈ ఏటివి ఇంకా రెండేసి ఆకులు. సింగన్న అప్పుడప్పుడు కిందికి దిగి వాటిని చూసుకుని, ఎవరో తన గురించి పాట కట్టినట్టు పొంగిపోయి, మళ్ళీ పండ్లకి పోయేవాడు.

ఒకరోజు పక్క కొమ్మ మీద కాపురముండే ఉడత చారలమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"సింగన్నా, విన్నావా? తొర్రలకి పత్రాలు కావాలట!"

"ఏం పత్రాలక్కా?"

"ప్రేమ పత్రాలు కాదులే, మొహం అలా వెలిగించకు. ఆఫీసు పత్రాలు."

సంగతేమిటంటే, నిరుడు గాలివానకి అడవిలో పాతచెట్లు చాలా కూలిపోయాయి. తొర్రలు పదకొండు మిగిలాయి. తొర్ర కావాలనేవాళ్ళు వందమంది. ఇవాళ ఒకడితో రేపు ఇంకొకడితో తిరిగేవాళ్ళు కూడా "మేం జంట, మాకు ఇల్లు కావాలి" అని వచ్చి కూర్చుంటున్నారని అడవి సభలో గొడవయింది. చివరికి నిలకడైన జంటలకే తొర్ర అని తీర్మానం చేశారు. అంతవరకు బాగానే ఉంది. నిలకడంటే ఏమిటో రాసే పని మాత్రం సభ కార్యదర్శికి అప్పగించారు.

కార్యదర్శి పేరు పట్టాభి. ఉడుము. పదకొండేళ్ళుగా ఒక టేకు మొద్దు మీద కూర్చుని అడవి ఆఫీసు నడుపుతున్నాడు. ఆ మొద్దు ఎవరో తెచ్చి వేసింది కాదు. ఎప్పుడో చెట్టు పోగా వేళ్ళతో సహా భూమిలో మిగిలిపోయింది. దానిమీద నాలుగు కాళ్ళూ చాపి పడుకుంటే పట్టాభి గారిని కదిలించడం ఏనుగు వల్ల కూడా కాలేదని చెప్పుకుంటారు. పట్టాభికి కూడా ఒకప్పుడు ఇల్లాలు ఉండేది. ఆవిడ పెట్టిన గుడ్ల వంకే ఈయన ఆకలిగా చూశాడని, ఏరు దాటి పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

గుడ్డంటే పట్టాభికి ప్రాణం. మద్దిచెట్టు తొర్రలో గుడ్డుందని ఆయనకు తెలుసు. తొర్ర కూడా అడవిలోకెల్లా వెచ్చనిది. రెండూ కలిసొచ్చే దారి కోసం నాలుగు రోజులు మొద్దు మీద బోర్లా పడుకుని ఆలోచించి, మోదుగాకు మీద గోటితో ఇలా గీశాడు:

"స్థిరబంధం అనగా: ఒకటి, జంట మూడు వానాకాలాలు కలిసి గడిపి ఉండవలెను. రెండు, తనిఖీకి ఎప్పుడు వచ్చినను ఇద్దరూ తోకెడు దూరం లోపలే కనబడవలెను. కొలతకు కార్యదర్శి గారి తోకయే ప్రమాణము. మూడు, జంట మధ్య ఏనాడూ మాటా మాటా పెరిగి ఉండరాదు. నాలుగు, ఇద్దరూ ఆఫీసు మొద్దు ముందర స్వయంగా హాజరు కావలెను. మృగశిర కార్తె వచ్చునాటికి పత్రము లేని తొర్రలను కార్యదర్శి స్వయంగా వెళ్ళి ఖాళీ చేయించవలెను. ఈ పని వేరొకరికి అప్పగించరాదు. దొంగబంధం చూపినవారిని ఏరు దాటించి తరిమివేయవలెను."

"స్వయంగా" అన్న మాట గీస్తున్నప్పుడు ఆయన నాలుక రెండుసార్లు బయటికొచ్చి లోపలికి పోయింది.

అధ్యక్షుడు భల్లూకరావు గారు, ఎలుగుబంటి, ఆకు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మంచివాడే. ఒక్కటే గుణం. రాసింది రాసినట్టు నమ్ముతాడు. అంతకు మించి ఆలోచిస్తే నిద్రొస్తుంది.

"బాగుంది పట్టాభీ. ప్రేమంటే ఇంత తేలిగ్గా కొలవొచ్చని నాకు తెలీదు," అని ఆకు మీద పంజా వేసేశాడు.

మర్నాడు ఆఫీసు ముందర జనం. అందరికంటే ముందు నెమలి మయూరనాథ్ పింఛం సర్దుకుంటూ నిలబడ్డాడు.

"ఎనిమిదేళ్ళుగా ప్రతి వానకీ ప్రేమలోనే ఉన్నాను. ఒక్క ఏడు మానలేదు," అన్నాడు.

"ఎవరితో?" అన్నాడు పట్టాభి.

"అదెలా చెప్తామండీ, ఒకరిద్దరా!"

"తర్వాత!"

తర్వాత తోడేళ్ళు. ముసలి దంపతులు. పదేళ్ళుగా ఒకే గుహ, ఒకే వేట, ఎనిమిది కాన్పులు. పట్టాభి తోకతో కొలిచాడు. దూరం సరిపోయింది.

"ఎప్పుడైనా మాటా మాటా అనుకున్నారా?"

"ఎప్పుడూ లేదు," అన్నాడు మగతోడేలు.

"ఎప్పుడూ లేదా? మొన్న దుప్పి తొడ ఎవరు తిన్నారని నా మీదికి పళ్ళు చూపించలేదూ?" అంది ఆడతోడేలు.

"అది తొడ కాదే, డొక్క!"

"చూశారా సార్, ఇప్పటికీ ఒప్పుకోడు!"

"తర్వాత!" అన్నాడు పట్టాభి.

అప్పుడు వరస తోసుకుంటూ అడవిదున్న గంగులు వచ్చి, ఎవర్నీ పలకరించకుండా పట్టాభి కూర్చున్న మొద్దుకి తన చెవి వేసి బరబరా రుద్దుకోవడం మొదలెట్టాడు. మొద్దుతో పాటు పట్టాభి కూడా ఊగాడు.

"ఏయ్! ఏమిటిది? నీ జంట ఏది?"

"నాకు జంటేంటి సామీ. చెవి వెనకాల దురదతో సచ్చిపోతన్నాను. ఇంత గరుకు మొద్దు అడివిలో ఇంకోటి లేదంటే వచ్చా."

మొద్దు పక్కనే కూర్చున్న భల్లూకరావు గారు వంగి గంగులు చెవి వెనక చూశాడు. అక్కడ ఒక పిడుదు పురుగు, రక్తం తాగి గురివింద గింజంత అయి, కాళ్ళు బిగించి కూర్చుంది.

"అమ్మా, నువ్వెన్నాళ్ళ నుంచి ఇక్కడున్నావు?"

"మూడు వానలండీ," అంది పిడుదు సిగ్గుపడుతూ.

"తోకెడు దూరం దాటి ఎప్పుడైనా వెళ్ళావా?"

"వెంట్రుకంత కూడా వెళ్ళలేదండీ. ఆయన ఎటుపోతే నేనూ అటే. ఆయన లేకపోతే నేను ఒక్కరోజు బతకలేను."

గుంపులో ఆడవాళ్ళు కొందరు నిట్టూర్చారు. సింగన్నకయితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మాటందీ అనుకున్నాడు.

"ఎప్పుడైనా ఆయన్ని ఒక్క మాటన్నావా?"

"అసలు నోరు తీస్తే కదండీ."

అది నిజమే. మూడేళ్ళుగా ఆ నోరు ఖాళీగా లేదు.

"ఓరి నాయనో, దీన్ని పీకెయ్యండయ్యా!" అని గంగులు తల విదిలించాడు.

"కొత్తగా ఉంటే చనువు ఉండదు. చూడు పట్టాభీ, ఎంత పాతబడితే ఇంత విసుక్కుంటారు!" అని భల్లూకరావు గారు మురిసిపోయి, అడవిలో మొదటి స్థిరబంధ పత్రం గంగులు కొమ్ముకి గుచ్చాడు. ఇంకా దురద తీరని గంగులు, గౌరవం భరించలేక వెళ్ళిపోయాడు.

తర్వాత సింగన్న వంతు.

"నీ జంట ఏది?"

"ఇంట్లో ఉందండీ. తలుపు మూసుకుని."

"ఎందుకు మూసుకుంది? నీ మీద కోపమా?"

"కాదండీ, నమ్మకం. మా వాళ్ళు అంతే, గుడ్డు పెట్టే వేళకి..."

"హాజరు లేదు," అని పట్టాభి ఆకు మీద ఒక గీత గీశాడు. "ఇప్పుడు ఆమెకీ నీకూ ఎంత దూరం?"

"రెండు కొండలండీ."

ఇంకో గీత.

"పోట్లాడుకుంటారా?"

సింగన్నకి అబద్ధం రాదు. "రోజూ అండీ. పండు పచ్చిగా ఉంటే నా మొహాన్నే ఉమ్మేస్తుంది. నాకు అదే... ఏమో అండీ, అదే బాగుంటుంది."

మూడో గీత. గుంపులో నవ్వు.

"కానీ చెట్టు కింద మొక్కలు చూడండి సార్!" అన్నాడు సింగన్న. "మూడేళ్ళు నేను తెచ్చినవి, తను తిన్నవి. మూడు ఎత్తులు! అది సాక్ష్యం కాదా?"

"మొక్కలు వేరే శాఖ," అన్నాడు పట్టాభి. "మృగశిర ఎల్లుండి. ఆమె వచ్చి నా ముందు నిలబడాలి. లేదా నేనే వచ్చి ఆ గోడ తీయిస్తా. తర్వాత!"

సింగన్న ఆరోజు పండ్లు కూడా సరిగా ఏరలేదు. చెట్టు మీద వాలి చాలాసేపు సందు ముందర మాట్లాడకుండా కూర్చున్నాడు.

"ఏమయ్యా, గొంతులో ఏదో పెట్టుకుని కూర్చున్నావు. పండా, మాటా?" అంది పొన్నారి.

అంతా చెప్పాడు. 

"గోడ పగలగొట్టమంటావా?" అన్నాడు. "నేను మోసుకుపోలేను నిన్ను. కానీ చారలక్కా నేనూ కొమ్మా కొమ్మా దింపి..."

"ఈకలు లేవు నాకు. కిందపడితే లేవలేను. గుడ్డుకి నా ఒంటి వేడి తప్పితే పగిలిపోయినట్టే. లోపల కొడుతోంది సింగన్నా. నిన్నటి నుంచి టకటకా కొడుతోంది."

"కొడుతోందా? నిజంగా?" సింగన్న ముక్కు గోడకి ఆనించి విన్నాడు. ఏమీ వినిపించలేదు. కానీ వినిపించిందనే అనుకున్నాడు.

"ఆఫీసులో మన గురించి ఏమన్నారు?"

"మనది బంధం కాదన్నారు."

"మరి ఏమిటట?"

"అది చెప్పలేదు. తర్వాత అన్నారు, అంతే." కొమ్మకి ముక్కు రాసుకుంటూ అన్నాడు: "ఆ పిడుదు ఎంత బాగా చెప్పిందనుకున్నావు పొన్నారీ. నువ్వు లేకపోతే ఒక్కరోజు బతకలేనంది. నువ్వు నన్ను అలా ఎప్పుడూ అనలేదు."

"నాకు పండు పెట్టేవాడివి నువ్వు. నువ్వు లేకపోతే బతకనని నీకు తెలీదా? మళ్ళీ నోటితో చెప్పాలా?" పొన్నారి కోపంగా అంది. ఆ వెంటనే సందులోంచి పచ్చికాయ ఒకటి ఫట్‌మని అతని నుదుటికి తగిలింది. "ఇవాళ ఇలాంటివే తెచ్చావు. బుర్ర ఎక్కడ పెట్టావు?"

సింగన్న నుదురు తుడుచుకుని, ఆ కాయ ఎక్కడ పడిందో చూసి, ఏడుపూ నవ్వూ కలిసొస్తే కొమ్మ మారి కూర్చున్నాడు.

మృగశిర ముందురోజు మధ్యాహ్నం ఆఖరి సభ. మబ్బులు ఏనుగుల మందలా కొండ మీదికి ఎక్కుతున్నాయి. పదకొండు తొర్రల్లో ఒక్కదానికీ పత్రమున్న జంట లేదు. గంగులుకీ పిడుదుకీ పత్రం ఉంది గానీ తొర్ర అక్కర్లేదు. పట్టాభి మొద్దు మీంచే గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, నిన్నటి నుంచీ అడవిలో అందరి దరఖాస్తులూ చూశాను. ఇవాళ నాదొకటి. మద్దిచెట్టు తొర్ర నాకు ఇప్పించండి."

"నీకు జంటెక్కడిది పట్టాభీ? ఆవిడ ఏరు దాటింది కదా?"

పట్టాభి కళ్ళు మూసుకుని, కింద ఉన్న టేకు మొద్దుని మెల్లగా నిమిరాడు.

"ఇదిగో అధ్యక్షా. ఇదే."

సభంతా మొద్దు వంక మెడలు సాచింది.

"పదకొండు వానలు," అన్నాడు పట్టాభి బొంగురు గొంతుతో. "ఒకే చోట. దీని గరుకు నాకు తెలుసు, నా ఒంటి చలి దీనికి తెలుసు. ఒక్కనాడు మాటా మాటా అనుకోలేదు. నాకు జ్వరమొచ్చినా దీన్ని వదల్లేదు. అప్పుడెప్పుడో నన్ను అవతలి అడవికి బదిలీ చేస్తామన్నారే, గుర్తుందా? నాలుగు రోజులు దీన్ని కౌగిలించుకుని ఏడ్చాను. మీరే జాలిపడి ఆపారు. మన బంధాన్ని ఎవరూ విడదీయలేరని ఆరోజే దీనికి మాటిచ్చాను."

"అది చెట్టు మొద్దయ్యా! ప్రాణం లేదు దానికి!" అని మయూరనాథ్ అరిచాడు.

"ప్రాణం ఉండాలని నిబంధనలో ఎక్కడైనా రాశామా?"

భల్లూకరావు గారు ఆకు తీసి పైనుంచి కిందిదాకా చదివాడు. కింది నుంచి పైదాకా చదివాడు.

"లేదు," అన్నాడు. "మూడు వానలు, ఉన్నాయి. తోకెడు దూరం, ఉంది. తగువు, లేదు. హాజరు..." మొద్దు వంక చూశాడు. "హాజరే. అడవిలో ఇంతకంటే నిలకడైన జంట కనిపించదు. తొర్ర మీకే."

మోదుగాకు పత్రం ఒకటి పట్టాభి తోకకి, ఒకటి మొద్దుకి అంటించారు. పట్టాభి నాలుక బయటికొచ్చి లోపలికి పోయింది.

"రేపు పొద్దున్నే నేను స్వయంగా వెళ్ళి గోడ తీయిస్తా," అన్నాడు.

గుంపు చివర సింగన్న నిలబడి ఉన్నాడు. అతని గుండె బరువెక్కిపోయింది. ఇల్లు పోతోంది, గుడ్డు పోతోంది. అది ఒక బరువు. కానీ ఆ పిచ్చి సింగన్నకి ఇంకో బరువు కూడా ఉంది. పట్టాభి మాటలు అతని మనసుకి తగిలాయి. బదిలీ అంటే నాలుగు రోజులు ఏడ్చాడట! ఇన్నాళ్ళూ ఆయన్ని రాయి అనుకున్నానే, లోపల ఇంత ప్రేముందా అనుకున్నాడు.

వెక్కుతూ వెక్కుతూ ముందుకొచ్చాడు.

"కార్యదర్శి గారూ," అన్నాడు ముక్కు తుడుచుకుని. "మీది నిజమైన బంధమండీ. పదకొండేళ్ళు! మేం మూడేళ్ళకే ఉమ్ముకుంటున్నాం. మీకు ఇల్లిస్తే బాధపడకూడదనే అనుకుంటున్నా. కానీ ఒక్క సందేహమండీ."

"ఏమిటి?"

"మొద్దమ్మ గారిని చెట్టు ఎలా ఎక్కిస్తారండీ?"

పట్టాభి కళ్ళు చిట్లించాడు. "అది ఎక్కదు. ఇక్కడే ఉంటుంది. నేనొక్కణ్ణే..."

"అయ్యో!" సింగన్న నిజంగానే గుండె పట్టుకున్నాడు. "ఆమెనొదిలేసి? వానలో ఒంటరిగా? రేపే మృగశిర కదండీ! పదకొండేళ్ళలో ఒక్క పూట విడిగా లేరన్నారే. తెల్లారి లేచి మీరు కనబడకపోతే ఆమె ఏమైపోతుందండీ?"

అందరూ మొద్దు వంక చూశారు. మొద్దు ఏమీ అనలేదు. కానీ అలా చూస్తే నిజంగానే దిగులుగా ఉన్నట్టుంది.

చారలమ్మ పైనున్న కొమ్మ మీద కిచకిచమని, "అవును అధ్యక్షా, తోకెడు దూరం సంగతేంటి? మద్దిచెట్టుకి ఇక్కడికి మీ పట్టాభి గారి తోకలు ఓ రెండు వేలు పరవాలి!" అంది.

భల్లూకరావు గారు మళ్ళీ ఆకు తీశాడు. వేలు పెట్టి చదివాడు. "తనిఖీకి ఎప్పుడు వచ్చినను ఇద్దరూ తోకెడు దూరం లోపలే... ఎప్పుడు వచ్చినను. హూఁ. ఎప్పుడు వచ్చినను అంటే ఎప్పుడూ అనే కదా పట్టాభీ?"

"అయితే... అయితే నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు పట్టాభి గబగబా.

"అంటే మీ బంధం అబద్ధమా?" భల్లూకరావు గారి మొహం నల్లబడింది. నల్లటిదే, ఇంకా నల్లబడింది. "దొంగబంధం చూపినవారిని ఏరు దాటించి తరిమివేయవలెను. ఇక్కడ రాసుంది. నువ్వే రాశావు."

ఏరు అవతల ఎవరుంటారో పట్టాభికి బాగా తెలుసు. ఒక్క క్షణం ఆవిడ చూపు గుర్తొచ్చింది. నాలుగు కాళ్ళతో మొద్దుని అల్లుకుపోయాడు.

"నిజమే అధ్యక్షా! నిజమైన బంధమే! నేను దీన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళను!"

"శభాష్. మరి గోడ తీయించేదెవరు? కార్యదర్శి స్వయంగా వెళ్ళవలెను, వేరొకరికి అప్పగించరాదు." భల్లూకరావు గారు ఆకు మడిచేశాడు. "నువ్వు కదలకూడదు, ఇంకెవరూ చేయకూడదు. అంటే ఒక్క తొర్ర కూడా ఖాళీ అవదు. నాకు నిద్రొస్తోంది. తనిఖీకి మాత్రం నమ్మకమైనవాడు ఉండాలి. స్థిరబంధమున్న పౌరుడు మన గంగులు ఒక్కడే. రోజూ వచ్చి చూసిపోరా గంగులూ."

"ఈ మొద్దు దగ్గరికా? రోజూనా?" గుంపు వెనక తల విదిలిస్తున్న గంగులు కళ్ళు వెలిగిపోయాయి. "తప్పకుండా సామీ!"

తెల్లారేసరికి వాన దిగింది. మామూలు వాన కాదు. ఆకుల మీద డప్పులు, రాళ్ళ మీద గజ్జెలు. అడవంతా ఎవరి గూట్లో వాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. పట్టాభి మొద్దు మీద తడుస్తున్నాడు. పక్కనే ఒక బండ, కింద పొడిగా చోటు. తోక చాపి కొలిచాడు. తోక కంటే జానెడు ఎక్కువ దూరం. ఇంకోసారి కొలిచాడు. జానెడే.

తన తోక ఇంకొంచెం పొడుగుంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాడు.

గంగులు రోజూ వచ్చి, "ఉన్నారా సామీ? ఉన్నారు," అని తనిఖీ చేసి, పట్టాభితో సహా మొద్దు ఊగిపోయేలా చెవి రుద్దుకుని పోయేవాడు. నాలుగో రోజు చెవి వెనక పిడుదు పట్టు జారిపోయింది. జారి పట్టాభి మెడ మీద పడి, అక్కడే కాళ్ళు బిగించింది. గంగులు అప్పట్నుంచి తెగ నవ్వుతూ తిరుగుతున్నాడు. పత్రం చిరిగిందేమని ఎవరైనా అడిగితే, "మనసు మారింది దానికి, ఏం చేస్తాం," అంటున్నాడు.

"మీరు లేకపోతే ఒక్కరోజు బతకలేనండీ," అని పిడుదు ఇప్పుడు పట్టాభితో అంటోంది.

పదిరోజుల వానకి టేకు మొద్దు చుట్టూ తెల్లగా, బుజ్జిబుజ్జిగా పుట్టగొడుగులు లేచాయి. చారలమ్మ అడవంతా పరిగెత్తి చాటింపు వేసింది.

"రండమ్మా రండి! మన పట్టాభి గారికి పిల్లలు పుట్టారు! అన్నీ తల్లి పోలికే!"

వానలు కొంచెం తెరిపిచ్చాక, ఒక పొద్దున సింగన్న పదహారు పండ్లతో వాలేసరికి మద్దిచెట్టు గోడకి పెచ్చు ఊడి ఉంది. పొన్నారి తలుపు తానే పగలగొట్టుకుని కొమ్మ మీద కూర్చుని ఉంది. కొత్త ఈకలు ఇంకా మడతలు విప్పుకుంటున్నాయి. పక్కన, తలకంటే పెద్ద ముక్కుతో, ఒక పిల్ల. అది తండ్రిని చూసి నోరు తెరిచింది. మూసే ఉద్దేశం లేదన్నట్టు తెరిచింది.

సింగన్న పండ్ల సంగతే మరిచి అలాగే చూశాడు. పొన్నారిని నిండుగా చూసి చాన్నాళ్ళయింది. కన్ను ఒక్కటే కాదు, రెండు కళ్ళూ, మెడా, తోకా. మొత్తం.

"ఏమిటలా చూస్తావు? మొదటిసారి చూసినట్టు."

"మొదటిసారే. మూడోసారి మొదటిసారి."

"మాటలకేం తక్కువ లేదు. ఎందుకింత ఆలస్యం? బిడ్డ తెల్లారినుంచి నోరు తెరుచుకు కూర్చుంది."

"దారిలో పట్టాభి గారిని పలకరించొచ్చా. పాపం తడిసి ముద్దయిపోయాడు. నాలుగు మేడిపండ్లు ఇచ్చా."

"ఏంటీ, నా పండ్లా? ఆ ఉడుముకా?"

"పాపం కదూ... ఒకటి మొద్దు మీద కూడా పెట్టా."

పొన్నారి అతని వంక చూసింది. తిడదామనుకుంది. తిట్టింది కూడా. తర్వాత అతని ముక్కుకి తన ముక్కు ఒకసారి టక్కుమని తగిలించి అడిగింది:

"ఇంతకీ మనకి పత్రం వచ్చిందా?"

"రాలేదు. మళ్ళీ ఏటికి రమ్మన్నారు."

"మళ్ళీ ఏటికి నేను మళ్ళీ లోపలే ఉంటాగా?"

"ఉంటావు," అన్నాడు సింగన్న సంతోషంగా.

ముగ్గురూ కిందికి చూశారు. మొక్కలకి కొత్త చిగుళ్ళు. సందు కిందనే, ఆరోజు నుదుటికి తగిలి పడ్డ పచ్చికాయ ఉన్నచోట మాత్రం ఏమీ మొలవలేదు. పచ్చిది కదా.

కథలోని నీతి: పత్రం కావాలనుకునేవాళ్ళు నిశ్చింతగా ఒక కుర్చీని ప్రేమించండి, పండు మోసుకొచ్చేవాణ్ణి ప్రేమిస్తే దొరికేది పండొక్కటే.